కావలియర్ 0-4తో ఓడింది సరే, అసలు బాగా ఆడిందా లేదా? (జమైకా క్లబ్, కాన్‌కకాఫ్ చాంపియన్స్ కప్, అంటే ఉత్తర, మధ్య అమెరికా, కరీబియన్ క్లబ్బుల టోర్నీ)

కాకినాడ_కుర్రోడు
14 మార్చి 2025, మధ్యాహ్నం 1:40

పొద్దున్నే లేచి కింగ్‌స్టన్ మ్యాచ్ చూసినోళ్లు మనలో ఎంతమంది ఉన్నారో తెలీదు గానీ నేనైతే చూశాను, ఆఫీసుకి లేటయినా పర్లేదనుకుని చివరి దాకా చూశాను. మెస్సీ ఆడే అమెరికా క్లబ్ ఇంటర్ మయామి 2-0, రెండు లెగ్గులూ (ఒకటి వాళ్లింట్లో, ఒకటి వీళ్లింట్లో) కలిపి 4-0. ఇప్పుడు ఎక్కడ చూసినా రెండే మాటలు, ఒకటి మెస్సీ గోల్ కొట్టాడు, రెండోది పాపం జమైకా వాళ్లు. ఈ రెండో మాట నాకు నచ్చలేదండి.

ఎందుకంటే ఫస్ట్ లెగ్ మార్చి 6న ఫోర్ట్ లాడర్‌డేల్‌లో జరిగితే 61వ నిమిషం దాకా 0-0. అయెండే కొట్టాడు, ఆ తర్వాత 83లో సువారెజ్. రాత్రి కింగ్‌స్టన్‌లో 37వ నిమిషంలో సువారెజ్ పెనాల్టీ, అంతే, మళ్లీ గోల్ పడడానికి 92వ నిమిషం వచ్చింది, అది మెస్సీది. అంటే 180 నిమిషాల్లో ఓపెన్ ప్లేలో, అంటే పెనాల్టీ కాకుండా, మూడు గోల్స్, అందులో రెండు ఆట అయిపోయే టైములో. ఈ మయామి ఇదే టోర్నీలో ముందు రౌండులో స్పోర్టింగ్ కాన్సస్ సిటీని 1-0, 3-1 కొట్టింది, అంటే అగ్రిగేట్ 4-1. అది ఎమ్మెల్లెస్ (అమెరికా టాప్ లీగ్) టీమ్! దాన్ని ఎవరూ పాపం అనలేదు కదా, కావలియర్‌ని మాత్రం ఎందుకంటున్నాం?

నా లెక్కలో ఇది గౌరవంగా ఓడిపోవడం. మీరేమంటారో చెప్పండి, ఊరికే స్కోరు చూసి కాకుండా మ్యాచ్ చూసి చెప్పండి.

---

ఫ్లోరిడా_తెలుగోడు
14 మార్చి 2025, సాయంత్రం 6:05

ఫస్ట్ లెగ్‌కి నేను స్టేడియంలో ఉన్నాను అన్నా. నిజం చెప్తా, మెస్సీ కోసమే టికెట్ కొన్నా, పిల్లాడికి పింక్ జెర్సీ కూడా వేసి తీసుకెళ్లా, తీరా వెళ్తే మెస్సీ స్క్వాడ్‌లోనే లేడు. పిల్లాడు ఫస్ట్ పది నిమిషాలు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. కానీ మా వెనక వరసల్లో జమైకా వాళ్లు ఉన్నారు చూడు, వాళ్లు ఆ సాయంత్రాన్ని నిలబెట్టారు. సౌత్ ఫ్లోరిడాలో వాళ్లు చాలా మంది, లాడర్‌హిల్, మిరమార్ వైపు వెళ్తే వీధికో జమైకా హోటల్ ఉంటుంది (మన ఇండియా టీ20లు జరిగే లాడర్‌హిల్ గ్రౌండ్ కూడా అదే ఏరియా). కావలియర్ గోల్‌కీపర్ బార్‌క్లెట్ బాల్ ఆపిన ప్రతిసారీ వాళ్లు లేచి నిలబడి అరుస్తుంటే హాఫ్ టైమ్‌కి మా వాడు కూడా పింక్ జెర్సీతోనే వాళ్లతో కలిసి అరవడం మొదలెట్టాడు.

ఆ గోల్‌కీపర్ ఆట టీవీలో ఎలా కనపడిందో గానీ గ్రౌండులో చూస్తే వేరే లెవల్. గంట సేపు ఆ టీమ్ లైను తప్పలేదు. 61లో గోల్ పడ్డాకే కాళ్లు బరువెక్కినట్టు అనిపించింది.

---

పాతబస్తీ_వింగర్
14 మార్చి 2025, రాత్రి 9:20

అన్నా మీ ఇద్దరి ప్రేమ నాకు సమజయితుంది గానీ నేను ఒప్పుకోను. ఒక ముచ్చట చెప్తా వినుండ్రి. కావలియర్ పోయినేడు కూడా ఇదే చాంపియన్స్ కప్ ఆడింది, 2024 ఫిబ్రవరిల ఎఫ్‌సీ సిన్సినాటి మీద. ఇంట్ల 0-2, అక్కడికి పోయి 0-4. మొత్తం 0-6. ఇప్పుడు మయామి మీద 0-2, 0-2. రెండేండ్లు కలిపి నాలుగు మ్యాచులు, పడ్డ గోల్స్ 10, కొట్టిన గోల్స్ సున్నా.

సున్నా! ఒక్కటంటే ఒక్కటి కూడ లేదు. 360 నిమిషాలు ఆడి ఒక్క గోల్ కొట్టని టీమ్‌ని గౌరవంగా ఓడింది అంటే ఎట్ల? డిఫెన్స్ చేసుడు ఆటల సగమే. నేను చిన్నప్పటి సంది వింగుల ఆడినోన్ని, నా బాధ అదే, ముందల ఆడేటోళ్లకి బాలే రాలే రెండు మ్యాచుల్ల. అటాకర్లు సెంటర్ లైన్ కాడ నిలబడి ఎవడన్న బాల్ ఇస్తడా అని చూసుడే అయింది.

---

లెఫ్ట్‌బ్యాక్_అక్క
15 మార్చి 2025, ఉదయం 7:15

> నాలుగు మ్యాచులు, పడ్డ గోల్స్ 10, కొట్టిన గోల్స్ సున్నా

వింగర్ తమ్ముడు చెప్పిన లెక్క కరెక్టే, దాన్ని కాదనలేం. కానీ ఆ సున్నా ఎందుకు వచ్చిందో కూడా చూడాలి కదా. నేను అనంతపురంలో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పిస్తాను, మా పిల్లల్ని తమకంటే పై స్థాయి టీముతో ఆడించినప్పుడల్లా నాకు ఇదే సమస్య. బాల్ మన దగ్గర లేనప్పుడు పదిమందినీ వెనక్కి రప్పించడం నేర్పొచ్చు, నెల రోజులు చాలు. బాల్ దొరికిన మొదటి మూడు సెకన్లలో ఏం చెయ్యాలో నేర్పడానికి మాత్రం ఏళ్లు పడుతుంది. గంట సేపు బాల్ వెంట పక్కకీ పక్కకీ పరిగెత్తినోళ్లకి బాల్ దొరకగానే తల ఎత్తి చూసే ఓపిక ఉండదు, కాలికి తగిలింది తగిలినట్టు ముందుకు కొట్టేస్తారు, అది నేరుగా అవతల వాళ్ల డిఫెండర్ దగ్గరికే పోతుంది, మళ్లీ మొదలు. కావలియర్‌కి జరిగింది అదే. అటాకర్లు చేతకానోళ్లు కాదు, వాళ్లకి బాల్ అందించే దారి మధ్యలోనే తెగిపోయింది.

ఇంకో విషయం, అవే గోల్ రూల్ (అగ్రిగేట్ సమానమైతే బయట ఎక్కువ గోల్స్ కొట్టిన టీమ్‌దే గెలుపు) ఈ టోర్నీలో ఇంకా ఉంది. ఫస్ట్ లెగ్ 0-2 పోయాక కింగ్‌స్టన్‌లో మొదట గోల్ తినకుండా ఉంటే రెండు కొట్టి లాగొచ్చు అనే ఆశ ఉంటుంది. 37లో పెనాల్టీ పడగానే అగ్రిగేట్ 0-3, మూడు కొట్టినా అవే గోల్ వల్ల బయటికే, నాలుగు కావాలి. అక్కడి నుంచి ఏ కోచ్ అయినా ఏం చేస్తాడు? అందరినీ ముందుకు పంపి ఆరు తింటాడా, లేక లైన్ కాపాడుకుని మర్యాదగా ముగిస్తాడా? స్పీడ్ రెండోదే ఎంచుకున్నాడు. నేనైనా అదే చేసేదాన్ని.

---

గచ్చిబౌలి_గోలీ
15 మార్చి 2025, ఉదయం 10:30

స్పీడ్ అంటే కోచ్ పేరు అండి, కొత్తగా వచ్చినోళ్లకి చెప్తున్నా. రుడాల్ఫ్ స్పీడ్. ఆయన ఆ క్లబ్‌కి కోచ్ మాత్రమే కాదు, క్లబ్ మొత్తం ఆయన చేతుల మీదే నడుస్తుంది, జమైకా ఫెడరేషన్ టెక్నికల్ కమిటీలో కూడా ఉన్న మనిషి. ఆయన పద్ధతి ఏంటంటే కుర్రోళ్లని తీసుకొచ్చి సీనియర్ టీమ్‌లో ఆడించి బయటి దేశాలకి పంపడం. కహీమ్ పారిస్ అలాగే ఇక్కణ్నుంచే స్లొవేనియా వెళ్లాడు, జమైకా నేషనల్ టీమ్‌కీ ఆడాడు.

అందుకే ఈ క్లబ్‌ని కొలిచేటప్పుడు ఆ సంగతి మర్చిపోకూడదు. 1962లో పెట్టిన క్లబ్, 1981లో లీగ్ గెలిచాక మళ్లీ గెలవడానికి 2021 దాకా ఆగాల్సొచ్చింది, నలభై ఏళ్లు. ఆ తర్వాత 2024లో మళ్లీ లీగ్, అదే ఏడాది కరీబియన్ కప్. బాగా ఆడిన ప్రతి కుర్రోడూ ఏడాదికో రెండేళ్లకో వెళ్లిపోతుంటే మళ్లీ కొత్తోడితో మొదలెట్టే టీమ్ ఇది. అవతల పక్కన మెస్సీ ఒక్కడి జీతమే ఏడాదికి 2 కోట్ల డాలర్ల పైన. పోలిక పెట్టేటప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

---

పాతబస్తీ_వింగర్
15 మార్చి 2025, మధ్యాహ్నం 12:10

గోలీ భాయ్, పైసల ముచ్చట నాక్కూడ తెలుసు. కానీ పైసలే అన్ని చేస్తయంటే మరి వియొలెట్ ఎట్ల గెలిచింది? 2023ల హైతీ క్లబ్ వియొలెట్ ఏసీ, దేశంల గొడవలు, ఇంట్ల గ్రౌండ్ కూడ లేకపాయె, హోమ్ మ్యాచ్ డొమినికన్ రిపబ్లిక్‌ల పోయి ఆడిన్రు. గసుంటి టీమ్ ఆస్టిన్ ఎఫ్‌సీని 3-0 కొట్టింది. తర్వాత అమెరికాల 0-2 పోయినా 3-2తోని ఎమ్మెల్లెస్ టీమ్‌ని ఇంటికి పంపింది. వాళ్లకన్న కావలియర్‌కి తక్కువేముండె? సొంత దేశం, సొంత జనం, నిండిన నేషనల్ స్టేడియం.

నేను కావలియర్‌ని తిడుతలేను. వాళ్లు ఇంకింత చెయ్యగలరు అని అంటున్న, చెయ్యలే అని బాధపడుతున్న. "మెస్సీ టీమ్ మీద నాలుగే కదా" అని మనం సంబరపడితే ఆ పిలగాళ్లని మనమే తక్కువ జేసినట్టు.

---

కాకినాడ_కుర్రోడు
15 మార్చి 2025, మధ్యాహ్నం 2:45

వింగర్ బ్రో ఈ పాయింట్ బాగా చెప్పావ్, నిన్న నేను రాసిందాంట్లో ఆ తప్పు ఉంది, ఒప్పుకుంటున్నా. పాపం అనొద్దు అంటూనే నేను కూడా ఎంతో కొంత ఆ లెక్కలోనే మాట్లాడాను.

కానీ వియొలెట్‌కి హోమ్ మ్యాచ్ ముందు వచ్చింది. మూడు గోల్స్ జేబులో వేసుకుని అమెరికా వెళ్లారు. కావలియర్‌కి రివర్స్, ముందు అవే. ఇది చిన్న తేడా కాదనుకుంటున్నా.

(కింగ్‌స్టన్ అంటే నాకు ఎప్పుడూ సబీనా పార్కే గుర్తొస్తది, మా కాకినాడ విహారి 2019లో ఫస్ట్ టెస్ట్ సెంచరీ అక్కడే కొట్టాడు, 111. జమైకా లీగ్ ఫుట్‌బాల్ మ్యాచులు కూడా ఈ మధ్య అదే సబీనా పార్కులో ఆడుతున్నారని తెలిసినప్పటి నుంచి ఆ లీగ్ ఫాలో అవ్వడం మొదలెట్టాను, నా ఇంట్రెస్ట్ వెనక కథ అదీ.)

---

రిటైర్డ్_రిఫరీ
16 మార్చి 2025, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నాను, క్షమించాలి. జమైకా ఫుట్‌బాల్‌ని నేను 1998 ప్రపంచకప్ నుంచి చూస్తున్నాను. అర్జెంటీనా మీద 0-5తో ఓడిన రోజూ చూశాను, ఆ తర్వాత జపాన్ మీద 2-1తో గెలిచిన రోజూ చూశాను. విట్‌మోర్ కొట్టిన ఆ రెండు గోల్స్ ఇప్పటికీ కళ్లముందు ఉన్నాయి.

మీరంతా ఒక్క కావలియర్‌నే చూస్తున్నారు. జమైకా క్లబ్బులు ఈ టోర్నీలో ఇంతకు ముందు ఎలా ఆడాయో పక్కపక్కన పెట్టి చూస్తే విషయం ఇంకొంచెం తేటపడుతుంది.

2008లో హార్బర్ వ్యూ, డీసీ యునైటెడ్ మీద. కింగ్‌స్టన్‌లో 1-1. వాషింగ్టన్ వెళ్లి 0-5.
2020లో పోర్ట్‌మోర్ యునైటెడ్, క్రూజ్ అజూల్ మీద. ఇంట్లో 1-2. మెక్సికో వెళ్లి 0-4.
2024లో కావలియర్, సిన్సినాటి మీద. ఇంట్లో 0-2, బయట 0-4.
2025లో కావలియర్, మయామి మీద. బయట 0-2, ఇంట్లో 0-2.

బయటి మ్యాచుల్లో పడ్డ గోల్స్ వరసగా చదవండి: అయిదు, నాలుగు, నాలుగు, రెండు. ఇప్పుడు ఇంటి మ్యాచుల్లో జమైకా వాళ్లు కొట్టినవి చదవండి: ఒకటి, ఒకటి, సున్నా, సున్నా.

అంటే కాకినాడ బాబూ నిజమే చెప్పాడు, వింగర్ బాబూ నిజమే చెప్పాడు. బయటికి వెళ్లి నిలబడడం నేర్చుకున్నారు, ఇది పదిహేడేళ్లలో వచ్చిన మార్పు, చిన్నది కాదు. హార్బర్ వ్యూ వాళ్లు ఇంట్లో డ్రా చేసుకుని ఆశతో విమానం ఎక్కి అయిదు తిని వచ్చారు. కావలియర్ బయట రెండే తిని వచ్చింది. కానీ ఆ నిలబడడం నేర్చుకునే క్రమంలో ఇంట్లో భయం లేకుండా ముందుకు వెళ్లే అలవాటు పోయింది. నా దృష్టిలో ఈ సీజన్ గురించి చెప్పాల్సింది ఇదే.

---

లెఫ్ట్‌బ్యాక్_అక్క
16 మార్చి 2025, ఉదయం 8:20

సార్, ఈ వరస చూస్తే నాకు వొళ్లు జలదరించింది. ఇంత తేలిగ్గా కనపడేది ఎవరం పెట్టి చూడలేదు.

బయట గోల్స్ ఎందుకు పడతాయో ఒక మాట కలుపుతాను. వాటిలో చాలా భాగం సెకండ్ హాఫ్‌లో కాళ్లు అయిపోయాకే పడతాయి, పై లీగులో ఆడేవాళ్లు 70వ నిమిషంలో కూడా మొదటి నిమిషంలో లాగే పరిగెడతారు, బెంచి మీద నుంచి దిగేవాడు స్టార్ట్ చేసినవాడి కంటే ఒక్కోసారి మెరుగ్గా ఉంటాడు. మయామి మీద కూడా అయెండే 61లో, సువారెజ్ 83లో కొట్టారు. అప్పుడు సువారెజ్‌కి 38 ఏళ్లు, పరిగెత్తి కొట్టలేదు, అలిసిపోయిన డిఫెండర్ ఒక్క అడుగు ఎప్పుడు వెనకబడతాడా అని కాచుకుని కొట్టాడు. కాబట్టి కావలియర్ గంట సేపటి ఆటని 75 నిమిషాలకి పెంచుకోగలిగితే సగం పని అయినట్టే. మిగిలిన సగం వింగర్ తమ్ముడు అడుగుతున్నది, అది మాత్రం కష్టం.

---

విశాఖ_వీక్షకుడు
16 మార్చి 2025, సాయంత్రం 5:00

నాకు వేరే విషయం బాధగా ఉంది, దాని గురించి ఎవరూ రాయలేదు. కింగ్‌స్టన్ స్టేడియంలో 35 వేల సీట్లు, నిండిపోయింది, సంతోషమే. కానీ 53వ నిమిషంలో మెస్సీ సబ్‌గా దిగుతుంటే స్టేడియం లేచి నిలబడిందా లేదా? పింక్ జెర్సీలు ఎన్ని కనపడ్డాయి? 92లో అతను గోల్ కొడితే సొంత టీమ్ మీద పడిన గోల్‌కి సొంతూళ్లో చప్పట్లు. ఆ డిఫెండర్ల స్థానంలో నేనుంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటేనే మనసు చివుక్కుమంది. హోమ్ లెగ్ అంటే ఇంట్లో ఆడుతున్నామనే బలం కదా, ఆ బలం వాళ్లకి దక్కలేదు.

---

ఫ్లోరిడా_తెలుగోడు
16 మార్చి 2025, రాత్రి 8:30

నేను దీన్ని అలా చూడను వీక్షకుడు గారూ. మా ఆఫీసులో ఒక జమైకా పెద్దాయన ఉన్నాడు, ఆయన కింగ్‌స్టన్ నుంచే వచ్చి ముప్ఫై ఏళ్లయింది. నేనూ మీలాగే అడిగాను. ఆయన చెప్పింది ఇది, నా మాటల్లో రాస్తున్నా: ఆ లీగ్ మ్యాచులకి మామూలుగా వచ్చే జనం తక్కువ, ఆ రాత్రి మొదటిసారి కావలియర్ పేరు విన్న పిల్లలు ఆ స్టేడియంలో వేలమంది ఉంటారు, మెస్సీని చూడ్డానికి వచ్చినా వాళ్ల కళ్లముందు పరిగెత్తింది తమ ఊరి కుర్రాళ్లు. ఆయన ఆ మాట చెప్తుంటే గొంతు మారింది. ఆ మాట విన్నాక నాకు ఆ చప్పట్లు తప్పనిపించలేదు.

మన దగ్గర ఉప్పల్‌లో చెన్నై ఆడితే పసుపు జెర్సీలు ఎన్ని ఉంటాయో చూశాం కదా. హైదరాబాద్ జనానికి సొంత టీమ్ మీద ప్రేమ లేక కాదు అది.

---

పాతబస్తీ_వింగర్
16 మార్చి 2025, రాత్రి 9:15

ఉప్పల్ ముచ్చట వేరే అన్నా, ఆడ రెండు టీములల్ల మనోళ్లే ఉంటరు. కింగ్‌స్టన్‌ల గట్ల కాదు. అయినా పిలగాళ్ల గురించి నువ్వు చెప్పింది నిజమే, దానికి నేను ఎదురు చెప్పను.

రిఫరీ సార్ పెట్టిన వరస నేను రెండుసార్లు చదివిన. సున్నా అని నేను కోపంల రాసిన గానీ అది రోగం కాదు, రోగానికి గుర్తు అని ఇప్పుడు సమజయింది. థాంక్స్ సార్.

---

గచ్చిబౌలి_గోలీ
17 మార్చి 2025, ఉదయం 11:00

ఇంకో కోణం. మనం ఇండియా క్లబ్బులని కూడా ఇదే త్రాసులో పెట్టి చూద్దాం. ముంబై సిటీ 2023-24 ఏఎఫ్‌సీ (ఆసియా) చాంపియన్స్ లీగ్‌లో నెయ్‌మార్ ఉన్న సౌదీ క్లబ్ అల్-హిలాల్ గ్రూపులో పడింది. అప్పుడు నెయ్‌మార్ ఇండియాకి వస్తాడని ఎంత హడావుడి, తీరా అతను మోకాలి గాయంతో రాలేదు. రియాద్‌లో 0-6, నవీ ముంబైలో 0-2. గ్రూపులో ఆరు మ్యాచులూ ఓడిపోయాం, అన్నిట్లో కలిపి మనం కొట్టింది ఒక్క గోల్. అంతకు ముందు 2022లో ఇదే ముంబై ఇరాక్ ఎయిర్ ఫోర్స్ క్లబ్‌ని 2-1తో కొట్టింది, అది ఇండియా క్లబ్‌కి ఆ టోర్నీలో మొట్టమొదటి గెలుపు.

140 కోట్ల దేశం మనది. 28 లక్షల జనాభా ఉన్న దీవి వాళ్లది, అంటే మన హైదరాబాద్‌లో మూడో వంతు కూడా లేదు. వాళ్ల క్లబ్ అవే మ్యాచ్‌లో గంట సేపు మయామిని ఆపింది. ఇది చెప్పి వాళ్లని పొగడమని కాదు, వాళ్ల మీద మనం పెట్టే అంచనా ఎంత ఎత్తులో ఉందో చూసుకోమని అంటున్నా.

---

విశాఖ_వీక్షకుడు
17 మార్చి 2025, మధ్యాహ్నం 1:25

ఒక డౌట్. కరీబియన్ కప్ గెలిచినోళ్లకి డైరెక్టుగా రౌండ్ ఆఫ్ 16 ఇస్తున్నారు కదా, అది లాభమా నష్టమా? మయామి అప్పటికే కాన్సస్ మీద రెండు మ్యాచులు ఆడి వేడెక్కి ఉంది. కావలియర్‌కి ఈ టోర్నీలో మొదటి మ్యాచే మయామి.

---

రిటైర్డ్_రిఫరీ
17 మార్చి 2025, సాయంత్రం 4:40

మంచి ప్రశ్న. 27 క్లబ్బులు ఆడే టోర్నీలో నేరుగా రౌండ్ ఆఫ్ 16కి వెళ్లేవి అయిదు మాత్రమే: ఎమ్మెల్లెస్ చాంపియన్, మెక్సికో లీగ్ చాంపియన్, లీగ్స్ కప్ విజేత, సెంట్రల్ అమెరికన్ కప్ విజేత, కరీబియన్ కప్ విజేత. క్లబ్ అమెరికా, ఎల్ఏ గెలాక్సీ లాంటి వాటి పక్కన కావలియర్ పేరు రావడం గౌరవమే. కానీ ఆటపరంగా చూస్తే మీరన్నదే నిజం. పైగా అటు వైపు రౌండ్ వన్ గట్టెక్కి వచ్చినవాళ్లే దొరుకుతారు, అంటే తేలికైన ప్రత్యర్థి దొరికే దారి దాదాపు మూసుకుపోయినట్టే.

నా సలహా అడిగితే, జమైకా క్లబ్బులు ఈ బైని (మొదటి రౌండ్ ఆడకుండా ముందుకెళ్లే అవకాశాన్ని) సన్నాహానికి వాడుకోవాలి. ఫిబ్రవరిలో ఒక పదిరోజులు ఎమ్మెల్లెస్ వాళ్లు ప్రీసీజన్ ఆడే ఫ్లోరిడాకే వెళ్లి రెండు మూడు స్నేహపూర్వక మ్యాచులు ఆడాలి. విమాన ప్రయాణం రెండు గంటల లోపే. ఆ వేగం ఎలా ఉంటుందో కాళ్లకి ముందే తెలియాలి.

---

కాకినాడ_కుర్రోడు
1 మే 2025, ఉదయం 10:15

పాత దారం పైకి లాగుతున్నాను, క్షమించండి. మయామి సెమీస్‌లో వాంకూవర్ చేతిలో ఓడిపోయింది, 0-2, 1-3, మొత్తం 1-5. దానికి ముందు క్వార్టర్స్‌లో ఎల్ఏఎఫ్‌సీ మీద 3-2తో బయటపడింది. వాంకూవర్ వాళ్ల ఆట చూశాక నాకు లెఫ్ట్‌బ్యాక్ అక్క మాటలే గుర్తొచ్చాయి, బాల్ దొరికిన మొదటి మూడు సెకన్లు. వాళ్లు మయామి నుంచి బాల్ లాక్కోగానే ఇద్దరు ముగ్గురు పరిగెత్తడం అప్పటికే మొదలెట్టేవాళ్లు. కావలియర్‌కి లేనిది అదొక్కటే అని నాకు గట్టిగా అనిపించింది.

---

లెఫ్ట్‌బ్యాక్_అక్క
1 మే 2025, రాత్రి 7:50

అదొక్కటే అన్నావు గానీ బాబూ, ఆ ఒక్కదాని కోసమే మేము జీవితమంతా ప్రాక్టీస్ చేయిస్తాం. మా పిల్లలకి వాంకూవర్ మ్యాచ్ క్లిప్పులు, కావలియర్ ఫస్ట్ లెగ్ క్లిప్పులు రెండూ చూపించాను. కావలియర్ వాళ్లు లైన్ ఎలా పట్టుకున్నారో చూడండి, వాంకూవర్ వాళ్లు లైన్ నుంచి ఎలా కదిలారో చూడండి అని. ఒక పిల్ల అడిగింది, మేడం జమైకా టీమ్‌లో ఎవరూ బాధపడలేదా అని. బాధపడే ఉంటారమ్మా అన్నాను.

---

గచ్చిబౌలి_గోలీ
14 డిసెంబర్ 2025, ఉదయం 9:30

ఈ దారం మళ్లీ తెరవాల్సొచ్చింది. నిన్న సాయంత్రం ఉప్పల్‌లో మెస్సీని చూశాను. సువారెజ్ కూడా వచ్చాడు, కావలియర్ మీద రెండు లెగ్గుల్లోనూ గోల్ కొట్టిన మనిషి. సీఎం గారు కూడా బూట్లు వేసుకుని దిగారు, మెస్సీ గ్యాలరీల్లోకి బాల్స్ కొట్టాడు, జనం పిచ్చెక్కిపోయారు, నేను కూడా అరిచాను, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇంటికొస్తుంటే మెట్రోలో కింగ్‌స్టన్ గుర్తొచ్చింది. మార్చిలో వీక్షకుడు గారు ఆ చప్పట్ల గురించి బాధపడ్డారు కదా. నిన్న మన దగ్గర మెస్సీ ముందు నిలబడి నిజంగా అడ్డుకోవడానికి ఒక్క టీమ్ కూడా లేదు. ఒకప్పుడు ఐఎస్ఎల్ (ఇండియా ఫుట్‌బాల్ లీగ్) చాంపియన్ అయిన మన హైదరాబాద్ ఎఫ్‌సీ ఈ ఏడాదే ఢిల్లీకి వెళ్లిపోయింది. కింగ్‌స్టన్ వాళ్లకి మాత్రం ఒక టీమ్ ఉండింది, ఆ టీమ్ తర్వాతి రౌండ్ కోసం, అతని కాళ్ల మీద పడి బాల్ లాక్కోవడానికి ప్రయత్నించింది. 92వ నిమిషం దాకా అతనికి గోల్ దక్కనివ్వలేదు. నాకు వాళ్ల మీద అసూయ కలిగింది.

---

పాతబస్తీ_వింగర్
14 డిసెంబర్ 2025, ఉదయం 11:45

నేను గూడ ఉప్పల్‌ల ఉన్న గోలీ భాయ్, నార్త్ స్టాండ్‌ల. నువ్వు రాసింది చదివి కాసేపు ఏం రాయాల్నో తెల్వలే.

ఒక సంగతి, మయామి వారం కింద ఎమ్మెల్లెస్ కప్ గెలిచింది, వాంకూవర్‌నే 3-1 కొట్టి. అంటే మార్చిల కావలియర్ ఆడింది ఆ ఏడు చాంపియన్ అయిన టీమ్‌తోని. ఇంగ కావలియర్ గూడ వాళ్ల లీగ్ మళ్ల గెలిచింది ఈ ఏడు, వరుసగ రెండోసారి. మార్చిల నేను జెర కోపంగ రాసిన. ఆ సున్నా మీద నా మాట మాత్రం మారలే.

---

ఫ్లోరిడా_తెలుగోడు
14 డిసెంబర్ 2025, రాత్రి 8:10

అక్టోబర్ 28న మెలిస్సా తుఫాను జమైకా మీద పడింది, కేటగిరీ 5. మా ఆఫీసు పెద్దాయన వాళ్ల చెల్లెలి ఇంటి పైకప్పు మొత్తం ఎగిరిపోయింది, వారం దాకా ఫోన్ కలవలేదు. ఇక్కడ మేమంతా కలిసి సామాన్లు ప్యాక్ చేసి పంపాం.

ఆ తర్వాత నెల తిరిగిందో లేదో ఈసారి కరీబియన్ కప్ మౌంట్ ప్లెజెంట్ గెలిచింది, అది కూడా జమైకా క్లబ్బే, సెయింట్ ఆన్ వైపు వాళ్లది. వరుసగా రెండో ఏడాది ఆ కప్పు ఆ దీవికే వెళ్లింది. పెద్దాయన ఆ రోజు ఆఫీసుకి స్వీట్లు తెచ్చాడు. కాబట్టి 2026లో రౌండ్ ఆఫ్ 16కి నేరుగా వాళ్లు వెళ్తున్నారు.

---

రిటైర్డ్_రిఫరీ
15 డిసెంబర్ 2025, ఉదయం 6:40

బాబులూ, అమ్మా, నా పాత నోట్‌బుక్కులో ఆ వరస కింద ఒక గీత గీసి మౌంట్ ప్లెజెంట్ పేరు రాసుకున్నాను. పక్కన రెండు గళ్లు ఖాళీగా ఉంచాను, ఇంట్లో ఎన్ని కొట్టారు, బయట ఎన్ని తిన్నారు అని.

---

పాతబస్తీ_వింగర్
15 డిసెంబర్ 2025, ఉదయం 7:05

సార్, మొదటి గడి నింపే రోజు నేను పొద్దుగాల లేస్త. మ్యాచ్ టైమ్ పెట్టంగనే ఈడ ఎవరన్న రాయుండ్రి.